మోంట్‌సెని వాగు న్యూట్: తొట్టెల్లో పెంచి వాగుల్లో వదిలితే సరిపోదా?

హనుమకొండ టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఉభయచరాల పాఠాన్ని కప్పతో మొదలుపెట్టి కప్పతోనే ముగించడం ఇన్నేళ్లుగా నాకు అలవాటు. మన చెరువుల్లో, పొలాల్లో పిల్లలకు కనిపించేది అదే. పైగా వానలు పడని ఏడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆట ఆడుతూ ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకున్న జ్ఞాపకం వాళ్ల అమ్మమ్మల దగ్గర ఇంకా ఉంది. ఈ ఏడు మాత్రం తోక ఉన్న ఉభయచరాలను కూడా పరిచయం చేయాలనుకొని, స్పెయిన్ దేశపు ఈశాన్య మూలన ఉన్న కాటలోనియాలో, బార్సిలోనా నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని మోంట్‌సెని కొండల వాగుల్లో తప్ప లోకంలో మరెక్కడా బతకని ఒక న్యూట్‌ను ఉదాహరణగా తీసుకున్నాను.

దాని శాస్త్రీయ నామం కాలోట్రైటన్ ఆర్నాల్డి. పిరనీస్ పర్వతాల వాగుల్లో ఉండే దాయాది జాతిలో భాగమేనని చాలాకాలం అనుకొని, 2005లో శాస్త్రవేత్తలు దీన్ని వేరే జాతిగా వర్ణించారు. ప్రౌఢజీవులు 1,500కు మించి ఉండవని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించిపోవడానికి అతి చేరువలో ఉన్న జాతుల వర్గంలో చేర్చింది. ఇంతవరకు చెప్పడం నాకు కష్టం కాలేదు. ఆ తర్వాత తరగతిలో వచ్చిన రెండు ప్రశ్నలకు నేనిచ్చిన జవాబులు నాకే తృప్తి కలిగించలేదు.

మొదటిది, చెరువు మీద చేపలు పట్టుకొని బతికే కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి అడిగాడు: "చెరువుల చేపపిల్లలను పోసినట్టు వీటిని గూడ పెంచి వాగుల పోస్తే అయిపోతది గద టీచర్?" రెండవది ఒక అమ్మాయి అడిగింది: "మనుషులకే నీళ్లు చాలనప్పుడు, ఆ జీవి కోసం నీళ్లు తోడొద్దంటే ఆ ఊరోళ్లు ఊకుంటరా?" తెలిసినవారు ఈ రెంటికీ పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో వివరించగలరు. ఈ జీవికి తెలుగులో ఏదైనా పేరు ఉంటే అది కూడా తెలియజేయగలరు.

జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

టీచర్ గారికి నమస్కారం. మీ విద్యార్థి అన్నట్టు వీటిని పెంచడం సాధ్యమే, పెంచుతున్నారు కూడా. కాటలోనియా ప్రభుత్వానికి చెందిన తోరెఫెరూసా వన్యప్రాణి కేంద్రంలో 2007లో ఈ పని మొదలైంది, తర్వాత బార్సిలోనా జంతుప్రదర్శనశాల కూడా అందులో చేరింది. తొట్టెల్లో పుట్టిన వాటిని వాగుల్లో వదులుతున్నారు. కాబట్టి ఈ జాతి ప్రమాదంలో పడింది పెంచడం చేతకాక కాదు. చేపపిల్లతో పోలిక ఎక్కడిదాకా నడుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో పిల్లలకు చూపిస్తే మీ పాఠం అక్కడే తయారవుతుంది.

బొచ్చె, రోహు పిల్లలను ఏ కేంద్రం నుంచి తెచ్చి ఏ చెరువులో పోసినా అవి పెరుగుతాయి. అవి పెద్ద నదుల చేపలు, వెచ్చని నిలువ నీటిని తట్టుకుంటాయి, ఎండాకాలానికి చెరువు ఎండినా ఆలోపే పట్టేసుకుంటాం, వచ్చే వానలకు మళ్లీ పోస్తాం. ఏటేటా పోయడం మీదే ఆ ఏర్పాటు నడుస్తుంది. న్యూట్‌ను వదిలేది మళ్లీ వదలాల్సిన అవసరం రాకూడదని. అంటే వదిలిన వాగులో అది ఎండాకాలం దాటాలి, గుడ్లు పెట్టాలి, పిల్లలు పెద్దవి కావాలి, వాటికీ పిల్లలు పుట్టాలి. ఇదంతా జరగాలంటే ఆ వాగు ఎలా ఉండాలో తెలియడానికి ఈ జీవి శరీరం గురించి కొంచెం చెప్పాలి.

ఇది సుమారు 10 సెంటీమీటర్ల పొడవుండే గోధుమరంగు జీవి, కొన్నింటికి పక్కల మీద లేత పసుపు మచ్చలు ఉంటాయి. ఊపిరితిత్తులు దాదాపు లేనట్టే, గాలి పీల్చుకోవడమంతా చర్మంతోనే. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటే శరీరం పైకి తేలుతుంది, ఉరకలు వేసే వాగులో తేలిన జీవిని ప్రవాహం ఈడ్చుకుపోతుంది, అందుకే వాగుల అడుగున బతికే ఇటువంటి జాతుల్లో అవి తగ్గిపోయాయని జీవశాస్త్రవేత్తలు భావిస్తారు. కానీ ఆ సౌకర్యానికి చెల్లించవలసిన మూల్యం పెద్దది. చర్మం గుండా వచ్చే ప్రాణవాయువుతోనే గడవాలంటే నీటిలో అది నిండుగా ఉండాలి, నీరు చల్లగా ఉంటేనే అది నిండుగా ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు; 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఉండలేదు. మరోవైపు, నీరు వేడెక్కిన కొద్దీ శీతలరక్త జీవికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. అవసరం పెరిగే వేళకే అందేది తగ్గిపోవడం అన్నమాట. మన కప్పకు ఇటువంటి ఇబ్బంది వస్తే తల పైకెత్తి గాలి పీల్చుకుంటుంది, లేదా గట్టెక్కుతుంది. ఈ న్యూట్‌కు ఆ రెండు దారులూ లేవు.

సంతానోత్పత్తి కూడా ప్రవాహానికి తగ్గట్టే ఉంటుంది. నిలువ నీటిలో ఉండే న్యూట్లలో మగది ఆడదాని ముందు తోక ఆడిస్తూ, తన వాసనను నీటిలో దాని వైపు పంపుతూ ఆకర్షిస్తుంది. పారే నీటిలో ఆ వాసన నిలవదు, కాబట్టి వాగుల్లో ఉండే ఈ బంధువర్గంలో మగది తోకతోనే ఆడదాన్ని చుట్టి పట్టుకుంటుంది. ఆడది గుడ్లను ఒక్కొక్కటిగా రాళ్ల కింద, సందుల్లో అంటిస్తుంది. ఆ సందుల్లోకి ఒండ్రు చేరి పూడిపోతే వాగు నిండుగా పారుతున్నా గుడ్లకు చోటు ఉండదు. పైన అడవిలో కలప కోసం బాట వేస్తే కింద న్యూట్‌కు నష్టం జరిగేది ఈ విధంగానే.

పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. తోర్దెరా అనే నది ఆ కొండల మధ్యగా పారుతూ ఈ జాతిని తూర్పు సమూహం, పడమటి సమూహం అని రెండుగా విడదీసింది. జన్యువుల్లో ఆ రెండింటికీ స్పష్టమైన తేడా ఉంది. అంతేకాదు, నీటిని వదలని జీవి కాబట్టి ఒకే వైపున ఉన్న రెండు వాగుల మధ్య కూడా రాకపోకలు దాదాపు ఉండవు. తొట్టెల్లో పెంచేటప్పుడు తూర్పు వాటిని, పడమటి వాటిని కలపకుండా వేర్వేరుగా పెంచుతున్నది అందుకే. ఒక వాగు ఎండి అందులోని న్యూట్లు పోతే, పక్క వాగు నుంచి వచ్చి ఆ ఖాళీని నింపేవి ఉండవు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే మూషిక జింక ఉంది. హైదరాబాద్‌లోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల తోడ్పాటుతో 2010లో వాటి పెంపకం మొదలుపెట్టి, తర్వాత అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. వదలడానికి అక్కడ అడవి ఉంది కాబట్టే ఆ పెంపకానికి అర్థం వచ్చింది.

బార్సిలోనాలో ఉంటున్న కాజీపేట వాసి

టీచర్ గారికీ, అధ్యాపకుల వారికీ నమస్తే. మాది కాజీపేట. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా బార్సిలోనాలో ఉంటున్నాను, సెలవు రోజుల్లో మోంట్‌సెనికి నడకకు వెళ్తుంటాను. ఆ జీవిని నేను ఎన్నడూ చూడలేదు, చూడాలని వెతకనూ లేదు. అది రాత్రిపూట తిరుగుతుంది, పగలంతా రాళ్ల కింద ఉంటుంది. దాన్ని చూడాలంటే రాళ్లు తిరగేయాలి, రాయి తిరగేస్తే దాని ఇల్లు కూల్చినట్టే. కొండ గురించి మాత్రం నేను చూసింది చెప్పగలను.

అన్నిటికంటే ఎత్తైన శిఖరం 1,706 మీటర్లు. కింద ఎండను తట్టుకునే సతతహరిత ఓక్ అడవి, పైకి పోయేకొద్దీ ఆకురాల్చే బీచ్ అడవి కనిపిస్తాయి. వేసవి మధ్యాహ్నం మైదానంలో చెమటలు కారుతుంటే, బీచ్ చెట్ల కింద వాగు పక్కన చెయ్యి నీళ్లలో పెడితే జిల్లుమంటుంది. ఆ చల్లదనానికి కారణం నీడ ఒకటి, ఊట నీరు రెండవది. యునెస్కో 1978లోనే దీన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. అంత పేరున్న చోట ఇంకా ఏం ప్రమాదం ఉంటుందని నేను కూడా మొదట అనుకున్నాను. ఇక్కడి సహజ ఉద్యానవనంలో ఎక్కువ భూమి ప్రైవేటు యజమానులదని తర్వాత తెలిసింది. మన ఏటూరునాగారం అభయారణ్యంలా అటవీశాఖ చేతిలో ఉన్న అడవిని ఊహించుకుంటే ఈ కొండ అర్థం కాదు. ఇక్కడ పొలం ఇళ్లు, కలప తోటలు, హోటళ్లు ఉన్నాయి, వాటికి ఊటల నుంచి, వాగుల నుంచి నీళ్లు తీసుకునే పైపులున్నాయి. పైగా ఈ కొండల నీళ్లకు దేశమంతటా పేరుంది, చుట్టుపక్కల సీసాల్లో నీళ్లు నింపి అమ్మే కర్మాగారాలు ఉన్నాయి. దగ్గరలోని సంత్ హిలారి సకాల్మ్ అనే ఊరిని నూరు ఊటల ఊరు అని పిలుచుకుంటారు.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇక్కడ జరిగిన పనిలో కొంత జవాబు ఉంది. 2016లో ఐరోపా సమాఖ్య నిధులతో ఈ న్యూట్ కోసం ఒక ప్రత్యేక పథకం మొదలైంది. ఆ పథకం పెంపకంతో పాటు వాగు గట్ల మీది అడవిని బాగుచేయడం, ప్రవాహానికి అడ్డుగా ఉన్న కట్టడాలను సరిచేయడం, నీటిని తోడుకునే భూయజమానులతో మాట్లాడి ఒప్పందాలకు రావడం కూడా చేపట్టింది. నా దృష్టిలో ఆ చివరి పనే అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే అవసరమైనది కూడా. తొట్టెలో న్యూట్ పిల్ల ఎదుగుదల ఫొటోకు అందంగా వస్తుంది, ఒక ముసలి రైతు బల్ల దగ్గర కూర్చొని తన పైపు ఎన్ని నెలలు కట్టేయాలో లెక్క వేసుకోవడం ఎవరూ ఫొటో తీయరు.

అయితే ఒప్పందాల చేతిలో లేనిదీ ఒకటి ఉంది. కొన్నేళ్లు వరుసగా వానలు తగ్గి, 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా ప్రాంతమంతా కరువు అత్యవసర స్థితి ప్రకటించారు. బీచ్ అడవి కింది అంచుల్లో ఓక్‌కు చోటు వదులుతూ పైకి జరుగుతోందని ఇక్కడి పరిశోధకులు 2003లోనే రాశారు. చెట్టు తరతరాలుగా గింజలు రాల్చుకుంటూ పైకి జరగగలదు. వాగును వదిలి రాలేని జీవి వాగు మొదలు దాకా పోయి ఆగిపోవలసిందే, దానికంటే పైన నీరు లేదు.

భూగర్భజల శాఖ విశ్రాంత ఉద్యోగి, ములుగు

అమ్మా, ఆ అమ్మాయి ప్రశ్నను తప్పించుకోకుండా తరగతిలోనే తీసుకోండి. అది న్యాయమైన ప్రశ్న. కానీ అందులో ఒక పొరపాటు ఊహ ఉంది, మనుషుల నీళ్లు వేరు, ఆ జీవి నీళ్లు వేరు అన్నట్టుగా ఉంది. రెండూ ఒకే నీళ్లు.

వాగులో పారే నీటిలో రెండు రకాలుంటాయి. వాన పడ్డ గంటల్లో నేల మీద నుంచి కొట్టుకొచ్చే వరద ఒకటి. వాన వెలిసి వారాలు, నెలలు గడిచాక కూడా సన్నగా పారే ఊట నీరు మరొకటి. గ్రానైట్ వంటి గట్టి రాళ్ల నేలల్లో, మన వరంగల్ వైపు అయినా మోంట్‌సెని అయినా, రాయి పైభాగం చివికి మెత్తబడిన పొరలోకి, దాని కింది పగుళ్లలోకి ఇంకిన నీరే నెమ్మదిగా జాలువారి వాగుకు చేరుతుంది. ఆ పొర మందం తక్కువ, నిలువ తక్కువ. బోరు వేసినా, ఊట దగ్గర తొట్టి కట్టి పైపు పెట్టినా మనం తీసేది ఆ నిలువ నుంచే. దాని ఫలితం అన్నిటికంటే ముందు కనిపించేది వాగు మొదట్లో, ఎండాకాలంలో. న్యూట్ బతికేది సరిగ్గా అక్కడే. ఏడాది మొత్తం మీద తోడిన నీరు, పారిన నీటిలో చాలా చిన్న వంతు కావచ్చు, కానీ వాగులో బొటనవేలి లావు ధార మిగిలిన ఆ రెండు నెలల్లో అదే ధారను తోడితే వాగులో మిగిలేది రాళ్లే.

నా చిన్నతనంలో మా ఊరి ఒర్రె శివరాత్రి దాటాక కూడా పారేది. ఆ తర్వాత ఇసుకలో మోచేతి లోతు చెలిమె తవ్వితే తియ్యటి నీళ్లు ఊరేవి, బట్టతో వడగట్టుకొని తాగేవాళ్లం. ఇప్పుడు సంక్రాంతికే ఎండుతోంది, చెలిమె తవ్వితే పొడి ఇసుక వస్తుంది. మాఘమాసంలో వచ్చే మేడారం జాతరకు జంపన్న వాగులో భక్తుల స్నానాలకు లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదలవలసి వస్తున్నది. మన వాగుల్లో న్యూట్ లేదు, కానీ ఉన్న చేపలు, ఎండ్రకాయలు, కప్పపిల్లలు ఎక్కడికి పోయాయని ఎవరూ లెక్క రాయలేదు. ఆ దేశం వాళ్లకు లెక్క పెట్టడానికి ఒక జీవి దొరికింది. ఆ జీవి తగ్గిందంటే కొండ మీది నిలువ తగ్గిందని, రేపు కింది ఊటలూ తగ్గుతాయని ఆ ఊరివాళ్లకు ముందే తెలుస్తుంది.

అయినా తగాదా లేదని నేను చెప్పను. ఎండాకాలంలో ఎవరో ఒకరు తోడకుండా ఆగాలి, ఆగినవారికి నష్టం ఉంటుంది. నా ఉద్యోగ అనుభవంలో పనిచేసిన మార్గం ఒక్కటే: వానాకాలంలో, వాగు నిండుగా ఉన్నప్పుడు తీసుకొని నిలువ చేసుకోవడం, ఎండాకాలంలో ఊటను దాని మానాన వదిలేయడం. దీనికి తొట్లు, ట్యాంకులు కట్టడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఒక్క రైతు నెత్తిన పెడితే ఎవరూ ఒప్పుకోరు, ప్రభుత్వమే భరించాలి. ఇది మీ విద్యార్థినికి చెప్పండి, తను అర్థం చేసుకుంటుంది.

ప్రకృతి పరిశీలకుడు, నిర్మల్

పేరు సంగతి నేను చెబుతాను. కొందరు నీటిబల్లి అని రాస్తున్నారు, దయచేసి ఆ పేరు పిల్లలకు నేర్పవద్దు. బల్లి సరీసృపం, ఒంటి మీద పొలుసులుంటాయి, పెంకు ఉన్న గుడ్లను నేల మీద పెడుతుంది. న్యూట్‌కు తడి చర్మం, మొప్పలతో పెరిగే డింభకం (గుడ్డులోంచి వచ్చిన పిల్ల దశ) ఉంటాయి. తోకకప్ప అందామంటే మనవాళ్లు ఆ మాటను కప్ప డింభకానికే వాడుతున్నారు. న్యూట్ అనే ఉంచి, తోక ఉన్న ఉభయచరం అని వివరిస్తే గందరగోళం ఉండదు.

మన దేశంలో తోక ఉన్న ఉభయచరాలు తూర్పు హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. డార్జిలింగ్ కొండల్లో జోర్‌పోఖ్రి అనే చిన్న అభయారణ్యం హిమాలయ సాలమాండర్‌కు ప్రసిద్ధి. డార్జిలింగ్‌లో ఆ సాలమాండర్‌ను పెంచుతున్న జంతుప్రదర్శనశాల మన హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు పేరు మీద ఉందని చెబితే పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. అయితే అది నిలువ నీటి మడుగుల్లో గుడ్లు పెట్టి, మిగతా కాలం నేల మీద తిరిగే జీవి, ఈ వాగు న్యూట్ వంటిది కాదు.

తొట్టెల్లో పెంచి వదలడంలో ఇంకొక జాగ్రత్త ఉంది, అది రోగం. తోక ఉభయచరాల చర్మాన్ని తినేసే ఒక శిలీంధ్రం ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా ఐరోపాకు చేరింది. 2013లో దాన్ని గుర్తించి పేరు పెట్టేనాటికే నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. 2018లో మోంట్‌సెనికి పొరుగునే ఉన్న మోంట్‌నెగ్రె కొండల్లో మరో రకం న్యూట్లలో అది బయటపడింది. చర్మంతోనే ఊపిరి తీసుకునే జీవికి చర్మరోగం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఒక వాగు నుంచి మరో వాగుకు వెళ్లేముందు బూట్లను, వలలను మందుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. మన దగ్గర కూడా ఇంట్లో పెంచి విసుగొచ్చిన విదేశీ చేపలను, తాబేళ్లను చెరువులో వదిలేయడం పుణ్యమనుకునేవాళ్లు ఉన్నారు. ఆ పని ఎందుకు చేయకూడదో చెప్పడానికి మీకు ఇది ఉపయోగపడుతుంది.

హనుమకొండ టీచర్

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు తరగతిలో చేపపిల్లల ప్రశ్న అడిగిన అబ్బాయినే బోర్డు దగ్గరికి పిలిచి, చేపపిల్ల బతకడానికి ఏం కావాలి, న్యూట్ బతకడానికి ఏం కావాలి అని రెండు వరుసల్లో రాయించాను. న్యూట్ వరుసలో చల్లటి నీళ్లు, నీడ, రాళ్ల సందులు, ఎండాకాలం ధార అని రాసి, కాసేపు ఆగి, "ఇవన్నీ తొట్టెల పెంచలేం టీచర్" అన్నాడు. నీళ్ల ప్రశ్న వేసిన అమ్మాయి మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పైపు కట్టేసిన రైతుకు ఎవరు ఎంత ఇచ్చారో తెలిస్తే చెప్పమంటోంది. కాజీపేట సోదరులు అక్కడ ఎవరినైనా అడిగి తెలుసుకోగలిగితే సంతోషం.

మా పాఠశాల వెనుక ఒక ఒర్రె ఉంది. ఈ వానాకాలం నుంచి అది ఎండిపోయే రోజు వరకు వారానికొకసారి నీటి ఉష్ణోగ్రతను పిల్లలతో కొలిపించి పుస్తకంలో రాయించాలనుకుంటున్నాను. ప్రయోగశాలలో ఉన్న మామూలు థర్మామీటర్ సరిపోతుందా, ఏ వేళలో కొలవాలి?

జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

మామూలు ప్రయోగశాల థర్మామీటర్ సరిపోతుంది, కాకపోతే పాదరసం లేనిది వాడండి, వాగులో పగిలితే ప్రమాదం. ప్రతి వారం ఒకే చోట, ఒకే వేళకు కొలవాలి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో అయితే ఆ రోజు నీరు ఎంతగా వేడెక్కిందో తెలుస్తుంది. చెట్టు నీడ ఉన్న చోట ఒకటి, ఎండ పడే చోట ఒకటి, రెండు కొలతలు తీయించండి. గాజుగొట్టం కొన నీటి అడుగుకు దగ్గరగా ఉండాలి, రెండు నిమిషాలు ఆగాక, నీటిలో ఉండగానే చదవాలి. ధార ఎంత వెడల్పుందో తాడుతో కొలిచి పక్కనే రాయించండి. నీరు ఆగిపోయిన తేదీని మాత్రం మరిచిపోకుండా రాయండి, వచ్చే ఏడాది పిల్లలకు పోల్చుకోవడానికి అదే ముఖ్యం.